ఖాళీ చీటీ

సొరబుర్రలో తొంభై చీటీలు.
మేకలు వచ్చింది నలభై ఇళ్లకే.
ఊరిపెద్ద తమ్ముడి చెయ్యి కూడా
అందరి చెయ్యిలాగే గుడ్డిగా లోపలికి వెళ్లి
ఖాళీగా బయటికొచ్చింది.
అప్పుడు జనం నవ్విన నవ్వుకి
నా ఫారంలో గడి లేదు.

జువేరాకీ తెల్లచీటీయే.
మడిచి నడుముగుడ్డ చెరుగున ముడేసుకుంది.
"ఏమీ రాదని చెప్పడానిక్కూడా
ఇంత మంచి కాగితమా" అంది.

యెండీ దాటాక తారు అయిపోతుంది.
హర్మటాన్ దుమ్ములో మోటారుసైకిల్ తోసుకుంటూ
మూడేళ్లు, ఏడాదికోసారి, వెళ్లాను.
రెండువందల పన్నెండు ప్రశ్నలు.
ఇంటికప్పు గడ్డా, రేకా?
గినీకోళ్లెన్ని? గుడ్లమ్మిన డబ్బు ఎవరి చేతికొస్తుంది?
నూటనలభైమూడోది అడిగేటప్పుడు మాత్రం
తల ఎత్తను:
గడిచిన ఏడు రాత్రుల్లో
తినకుండా పడుకున్నవి ఎన్ని?

"నావా, పిల్లలవా?
విడివిడిగా రాస్తావా?"

ఒకటే గడి.

ఏమీ ఇవ్వకూడదన్నది నియమం.
ఆమె పొద్దు పోగొట్టినందుకు సబ్బుబిళ్ల, అంతే.
చిన్నవాడు వుంబే నా సంచి వైపు చూశాడు.
అడగలేదు. చూశాడు.
ఉడికిన పల్లీలు గుప్పెడు వాడి దోసిట్లో పోసి
బండెక్కేశాను.
ఆ గుప్పెడు ఏ పట్టికలోనూ లేదు.
పైవాళ్లకి ఇప్పటికీ చెప్పలేదు.

రెండో ఏడు వానలు విరగబడి కురిశాయి.
జొన్న ఏపుగా లేచింది, షియా చెట్లు కాయలు రాల్చాయి.
మేకలున్న ఇల్లూ తిన్నది, లేని ఇల్లూ తిన్నది.
జువేరా గడప లేకపోతే
వాన చేసిన మేలంతా
మేక ఖాతాలో పడేది.
మూడో ఏడు మబ్బు మొహం చాటేసింది.
అప్పుడు గానీ తేలలేదు
ఏది వానో, ఏది మేకో.

అక్రాలో చల్లటి గది.
గోడ మీద రెండు గీతలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.
వాటి పక్కన ఇంకో జత, సరిసమానం:
అపెంటెంగ్ గారి కుట్టుమిషన్లవి.
ఆరేళ్లుగా ఆయన రిబ్బన్లు కత్తిరించిన పథకం.
మిషన్ వచ్చిన ఇంటికీ రాని ఇంటికీ
కూటిలో వెంట్రుకవాసి తేడా లేదు.
"కాకిలెక్కలు, మళ్లీ లెక్కపెట్టండి" అన్నారు.
మళ్లీ లెక్కపెట్టాం.
సున్నా మళ్లీ సున్నాయే.
ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు.
తర్వాత తన చేత్తోనే
మిషన్ల పద్దు కొట్టేసి మేకలని రాశారు.
ఆ మనిషిని నేను తక్కువ అంచనా వేశాను.

నాలుగో ఏడు
మిగిలిన యాభై ఇళ్లకీ మేకలు తోలుకొచ్చారు.
నేనూ వెళ్లాను, ప్రశ్నలు లేకుండా.
ఆ గీతలు చూపించమంది. చూపించాను.
"ఇందులో నేనెక్కడ?"
పొట్టిదాని మీద వేలు పెట్టాను.
బొటనవేలితో కొలిచి చూసుకుంది.
"నేను ఆగింది ఇంతేనా?
నాకు ఇంకా పొడుగనిపించిందే."

ఊరందరికీ సరిపడా మేకలు అప్పుడు లేవని,
చీటీలు వెయ్యకపోతే పెద్దాయన దొడ్డికే పోయేవని
చెప్పబోయాను.
అవన్నీ నిజాలే.
వుంబే ఇప్పుడు నా భుజం దాకా వచ్చాడు,
సన్నటి చేతులతో.
ఆ సన్నదనం నిజం కాదని
ఏ నిజమూ అనలేకపోయింది.

జువేరా మేకని గుంజకి కట్టి
పీట నా వైపు జరిపింది.
"కూర్చో. ఇవాళ నేనడుగుతాను.
గడిచిన ఏడు రాత్రుల్లో
తినకుండా పడుకున్నవి ఎన్ని?"

నాకు లెక్కపెట్టాల్సిన పని లేదు.
అయినా వేళ్లు ముడుస్తూ కూర్చున్నాను.

ఆమె నా వైపే చూస్తోంది,
తల దించకుండా.